మొదటి సూది వేయని చెయ్యి

1996 జూలై ఒకటవ తేదీన మన ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరి, అందరిచేతా పెద్దక్క అనిపించుకున్న వారు ఏళ్ల తరబడి ఒక సందేహాన్ని మోశారు. మత్తుమందు ఎక్కించుకునే మనిషికి కొత్త సూది ఇవ్వడం సేవా, పాపానికి చేయూతా? ఉదయం ప్రార్థనలో దేవుణ్ణి అడిగేవారు. జవాబు రాకుండానే వచ్చి విధుల్లో కూర్చునేవారు.

తొలి సంవత్సరాల్లో వారు కట్లు కట్టే గదిలో పనిచేశారు. చీము పట్టిన చేతులను, ఒకరి సూది ఒకరు వాడి హెచ్.ఐ.వి., హెపటైటిస్ తెచ్చుకున్నవారిని, గుండెదాకా పాకిన ఇన్‌ఫెక్షన్‌ను, మోతాదు మించి ఊపిరి ఆగినవారిని కళ్లారా చూశారు. తరువాత వాడిన సూది తీసుకుని కొత్తది ఇచ్చే కిటికీ తెరిచినప్పుడు, ఆ బాధ్యత పెద్దక్కగారికే దక్కింది.

వచ్చిన ప్రతివారినీ వారు ఒకటే అడిగేవారు: "మొదటిది ఎవరు వేశారు నాయనా?" ముక్కూమొహం తెలియనివాళ్ల పేరు ఎవరూ చెప్పలేదు. స్నేహితుడు, అన్న, భర్త. నొప్పికని మాత్రలు, ఆపైన పొగ, అదీ చాలనప్పుడు బతిమాలితే కాదనలేని అయినవాళ్ల చెయ్యి. అందుకే కొత్త సూది ఇస్తూ వారు ఒక మాట పుచ్చుకునేవారు: నీ చేత్తో ఎవరికీ మొదటిది వెయ్యకు.

వెల్డింగ్ పనిచేసే ఒకాయన మాత్రం మొండికేశాడు.

"నిలబెట్టుకోలేని మాట ఇచ్చి మీ దగ్గర దొంగనవ్వడం ఎందుకక్కా? ఆ మాట బాకీ ఉంచుకోండి."

"ఉంచుకుంటా. నా జ్ఞాపకశక్తి సంగతి మా ఆయన్ని అడుగు, చెప్తాడు!"

ఆ తరువాత అతను వచ్చినప్పుడల్లా "నా బాకీ?" అనేవారు. "ఎక్కడికీ పోదులే అక్కా" అనేవాడు.

పోయిన వారం అతను భార్యతో వచ్చాడు. ఆమే ముందు నోరు విప్పింది.

"ఒళ్లునొప్పులు తట్టుకోలేక నాకూ వెయ్యమని కాళ్లావేళ్లా పడ్డానండీ. నువ్వైతే వేసుకోవచ్చా అని నానా మాటలూ అన్నాను. ఏడ్చాడు గానీ వెయ్యలేదు. ఇదిగో, డాక్టరు దగ్గరికి లాక్కొచ్చాడు."

అతను తల వంచుకుని అన్నాడు: "మీ బాకీ తీరిందక్కా."

పెద్దక్కగారు కిటికీలోంచి చెయ్యి చాచి, మచ్చలు నిండిన ఆ చేతిని చాలాసేపు పట్టుకున్నారు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న వారికి, వారి కుటుంబానికి భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని, దీర్ఘాయువును ప్రసాదించాలనీ, ఇకనుంచైనా వారు ఉదయం ఏ ప్రశ్నా లేకుండా కళ్లు మూసుకుని ప్రార్థించుకోగలగాలనీ మనసారా కోరుకుంటున్నాం.