గాటు పడని కట్టె

అది గూడ పారేసినవా? ఓ అన్నా, జర కంటి కాడికన్న తీసుకపోరాదే! చేతుల వట్టినవో లేదో విసిరి కొడుతున్నవు. గా మూలకు కుప్ప అయితుంది గాని నీ మోకాటి కాడ ఒక్క బాణం కట్టె నిలువలే. పొద్దు గుట్ట మీదికి వాలింది. నేను ఎప్పుడు ఇల్లు చేరాలె, కమ్మరి ఎప్పుడు మొనలు ఎక్కియ్యాలె, మీ బావ ఎప్పుడు పోయి పంది కోసం గుంటల కూసోవాలె?

చెప్పు. అయ్యో, నీతోని చెప్పుమంటున్న, నా మతి మన్నుగాను! యాడాదాయె నువ్వు నోరు తెరువక. సరే, నోటితోని వద్దు. తలకాయ ఊపు. బాగలేదా గిది? ఏం బాగలేదు?

నేను ఉట్టిగ ఏరుకొచ్చిన్నా గివి? తడ చెట్లల్ల నిట్టనిలువుగ లేచిన కొమ్మలు జూసి జూసి, అమాస నాడు కోసినం. అమాసకు కోస్తె పురుగు వట్టదని చిన్నప్పటి సంది నువ్వే చెప్పుదువు. నీడకు ఎండవెట్టిన. పొయ్యి మీద ఉట్టికి కట్టి పొగ వట్టిచ్చిన. గంజి కాసినప్పుడల్ల పైకి జూసి మొక్కిన, వంగకుర్రి తల్లీ అని. కట్టెలకు మొక్కిన ఆడదాన్ని ఎవ్వరన్న చూసిన్రా? పిస్స లేసిందనుకుంటరు. లేసింది మరి. పంది దెబ్బకు ఎవరికి లేవది?

వెదురు ఎందుకు వద్దో నాకు తెల్వదా? కుందేలుకైతె వెదురు సాలు. గా ఒంటిపంది తోలుకు బరువు గావాలె, కట్టె బాణమే గావాలె. కొస నుంచి కొస దాక ఒక్కటే పొర పోవాలె, నడుమల తెగద్దు. బండ మీద ఏస్తె ఖణ్ అనాలె. అన్ని నీ కాడ ఇన్నయే. నీ ఎనుక తిరిగి నేర్సుకున్నయే.

మొన్న మళ్ల వచ్చింది. నడి చేనుల పండుకొని పొర్లింది. జొన్న ఇప్పుడే పాలు వోసుకుంటుంది అన్నా, కంకి వత్తితె తెల్లగ కారుతది. తిన్నదానికి నేను ఏడ్వ. తొక్కి పారేసుడు ఏందే? డబ్బాలు కొట్టినం, నెగడు వెట్టినం, గొంతు పోయెదాక ఒర్లినం. మా దిక్కు జూసి మళ్ల తింటది, మేమేందో దానికి జీతమున్నట్టు!

తుపాకి అంటవా? ఎక్కడిది? రజాకార్ల గడబిడ పోయింది, మిలట్రీ వచ్చింది, రాజ్యం మారింది అన్నరు. ఏం మారిందో నాకు తెల్వది గాని, పటేల్ కాడున్న తుపాకిని ఆసిఫాబాద్‌ల జమ చేసుకున్నరు. రాజ్యం మారిందని పందికి ఎవ్వరన్న చెప్పిన్రా? అటకల మీది విండ్లు మళ్ల దించుకుంటిమి. 

పోయిన ఎండకాలం ఇప్పపువ్వు ఉడకేసుకొని బతికినం. నా చిన్నబిడ్డ కడుపు ఉబ్బి, నడిజాముల నా మెడ వట్టుకొని ‘అవ్వా, పువ్వు వద్దే’ అని ఏడ్సింది. గీ చేను గూడ పోతె దానికి ఏం వెట్టాలె? పువ్వన్న ఇప్పుడు దొరుకదాయె.

నా చేతి ఏళ్ల దిక్కు ఏం జూస్తవు? కొడవలి తగిలింది. కట్టె దిక్కు జూడు, కట్టె!

మంచిగ జూడు. గిది జూడు. గోరు మీద దొర్లియ్యి. అట్ల… అట్ల… ఎగురుతలేదు గదా? మరి? ఓ దేవుడా, దాన్ని గూడనా!

నవ్వొస్తుందా నీకు? లేదు, నీకు నవ్వెక్కడ. నాకే ఒస్తుంది. ఏడ్వలేక నవ్వుడు.

ఒక్కటి అడుగుత. ఇప్పుడు విసిరి కొట్టినవు సూడు, జర నల్లగున్నది, గది ఎవరిదో తెలుసా? నీదే. మా లగ్గం అయిన కొత్తల నువ్వే చూసి, సక్కగున్నదని గాటు వెట్టి, మీ బావకు ఇచ్చిన కట్టె. దానితోనే గుట్ట కింద గింత లావు పంది పడ్డది, ఊరంత కూర తిన్నది. మొన ఊడవీకి, నీ గాటును గీకి, గీ కట్టెలల్ల నేనే కలిపిన. అవ్, కలిపిన! నువ్వు కట్టెను చూస్తున్నవో, ఇంకేమన్న చూస్తున్నవో తెలుసుకుందామని కలిపిన. తెలిసింది. కట్టెలల్ల వంకర లేదు.

ముఖం తిప్పుకోకు. నీ కండ్ల ముంగట ఎవరు నిలవడుతున్నరో నాకు ఎరుకే.

సిద్దిరాములు నీకు కొడుకైతె నాకు అల్లుడు గాదా? వదినె బాలెంత జొరం వడ్డప్పుడు వాన్ని నా కాళ్ల మీద ఏసుకొని తానం వోసిన. పోయినేడు గీ పంది మీదికే పోయిండు. కట్టె నువ్వు చూస్తివి, గాటు నువ్వు వెడితివి. విడువంగనే కట్టె విచ్చుకపోయింది, పంది వాని మీద వడ్డది. లోపలి పగులు ఎవరికి కనవడుతదే? దేవునికన్న కనవడుతదా? పానం లేనోన్ని మంచం మీద ఏసుకొని తెచ్చినప్పుడు వాని కడుపుకు కట్టిన తువ్వాల నేనే ఇప్పిన అన్నా. నేను మర్సిపోయిన్నా?

ఎవని కట్టె వంకర వాని కంటికి ఆనదు, ఇంకొకడు చూసి తోక కాడ గాటు వెట్టాలె అన్నరు పెద్దలు. మంచిగనే అన్నరు. కట్టె తప్పితె చూసినోడే పాపం మొయ్యాలె అని గూడ అన్నరు. ఊరోళ్లు నిన్ను ఒక్క మాట అనలే, నువ్వే ఎత్తుకున్నవు. నేనేమన్న అన్ననా?

ఇంకొకల కాడికి పొమ్మంటవా? పోయిన. అంతయ్య తాతకు కండ్లల్ల పువ్వు వడ్డది, కట్టెకు తోకెక్కడ మొదలెక్కడ దొరుకుతలేదు. తక్కినోళ్లు నీ కాడికే పొమ్మన్నరు. గాటు లేకుంట మన ఊర్ల ఎవ్వడన్న వింటికి తొడిగిండా? నేను ఎట్ల తొడుగుత?

…నేనా? నేను అన్నా? ఎవ్వరు తొడుగుత అన్నరు? మీ బావ అన్న. మీ బావనే అన్న.

అట్ల చూడకు అన్నా. పానం అవిసిపోతుంది.

సరే. ఇను. దాసి ఏం జేసుకోవాలె?

మీ బావ మంచె మీదికెల్లి వడ్డడు. భుజం జారింది. ఎముకలు కట్టే నాగయ్యొచ్చి బద్దలేసి కట్టిండు గాని చెయ్యి లేస్తలేదు, గంజి గూడ నేనే తాపుతున్న. ‘పోతె పోనీ చేను’ అంటడు, గోడ దిక్కు మల్లి పండుకుంటడు. ఆయన అనచ్చు. పోరి ఏడ్సేది నా మెడ వట్టుకొని గదా.

గుంటల కూసునేది నేను. నా ఏళ్లది కొడవలి దెబ్బ గాదు, వింటినారి కోసింది. కొట్టం ఎనుక సంచిల పొట్టు కూరి, దాని మీద బాణం కొడుతున్న. తాకుతున్నదే! నవ్వకు, తాకుతున్నది. ఇసుర్రాయి తిప్పిన చెయ్యి, మోటబొక్కెన గుంజిన చెయ్యి, విల్లు గుంజదా? ఆడది కట్టె మోయచ్చు, ఎండవెట్టచ్చు, విల్లు ముట్టద్దు అంటరు. ముట్టిన. ఏ పాపం తాకుతదో తాకనీ. తిండి లేని ఇంట్ల పాపం గూడ ఉండది, ఎల్లిపోతది.

గందుకే అడుగుతున్న. గాటు వెట్టు. నా కట్టె నా కంటికి ఆనది.

ఏందే? ఎందుకు లేస్తున్నవు? కోపమొచ్చిందా? పో, లోపలికి పో. గాటు లేకుంటె లేకపాయె, నా కట్టెలు నేను ఏరుకొని పోత…

నీ విల్లు ఎందుకు దించినవే?

అన్నా! నారి బిగిస్తున్నవేంది? వద్దే. నేను గందుకు చెప్పలే. నీ కన్ను గావాలని వచ్చిన గాని నీ పానం గావాలని రాలే. వదినె దర్వాజ కాడ నిలవడ్డది, ఆమె దిక్కన్న జూడు! వదినే, నువ్వన్న చెప్పరాదూ! నేను తీసుకపోతలేను వదినే, నేను అడుగలే!

నాకెందుకు ఇస్తున్నవు కట్టె? కత్తి ఎందుకు?

…కట్టెను నన్ను జూడమంటవా?

అవ్ మరి. పోయేది నువ్వైతె నీ కట్టె నీ కంటికి ఆనది. చూసుడు నా వంతు. గాటు నా వంతు. మోసుడు గూడ…

తే. ఇటు తే. నాకేం రాదా? ఒక కన్ను మూసుకోవాలె, మొదలు కాడ కన్ను వెట్టాలె, మెల్లగ తిప్పాలె. పొద్దుగూకుతుంది, వెలుగు దిక్కు తిరుగనీ. జర ఆగు.

గిది నడుమల జరంత వంగింది. వద్దు. ఇంకోటియ్యి.

గిది… పొర తెగినట్టున్నది. గీడ జూడు, సన్న గీత. గీత గాదా? నాకు గీత లెక్కనే ఉన్నది. పారెయ్యి.

గిది నీ పాతదే గదా. పంది వడ్డది దీనితోనే. నేనే కలిపిన. గింతసేపు నీతోని కొట్లాడింది దీనికోసమే. గిది సక్కగుంటది, గిది సక్కగనే ఉండాలె. ఆగు, ఇంకోసారి తిప్పనీ. ఇంకొక్కసారి.

లేదు అన్నా. గిది గూడ వంకరనే ఉన్నది.