బియ్యపు గింజ మీద పేరు

రాయచోటి బస్టాండు ఎదురుగా సుంకప్ప టీ అంగడి ఉంది. సాయంత్రమైతే అక్కడికి టీ కోసం వచ్చేవాళ్లు సగం, ఇమాం వలి మాటల కోసం వచ్చేవాళ్లు సగం. వలి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. గుప్పెడు దూదిని ఏకి ఏకి గదినిండా చేసినట్టే, చిటికెడు సంగతిని ఏకి ఏకి ఆకాశమంత చేసేవాడు. అన్నీ కోతలేనని వినేవాళ్లకు తెలుసు. తెలిసే వచ్చి కూర్చునేవాళ్లు.

ఆ కోతలకు చానా కాలం ఒక కత్తెర ఉండేది. బట్టల అంగడి రామకోటయ్య శెట్టి. వలి పక్కనే బెంచీ మీద కూర్చుని, చెప్పిందంతా చెప్పనిచ్చి, ఆఖర్న గజం బద్దతో కొలిచినట్టు ఒక్క మాట అనేవాడు. గువ్వలచెరువు ఘాట్లో కొండచిలువను తోక పట్టి లాగినానని వలి అంటే, "ఆ పొద్దు నేనూ ఉంటి. అది జెర్రిపోతు. నువ్వు లాగలా, నిన్ను జూసి అదే పారిపోయె" అనేవాడు. అంగడంతా గొల్లుమనేది. అందరికంటే ఎక్కువ వలే నవ్వేవాడు. శెట్టి ఉన్నాడు, కత్తిరిస్తాడు అన్న ధైర్యంతోనే అతను అంత పొడుగ్గా చింపేది.

పోయిన వానాకాలంలో శెట్టి భార్య రాజ్యలక్ష్మమ్మ జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. అప్పట్నుంచి శెట్టి మాట మానేశాడు. అంగట్లో గిరాకీకి ధర చెప్పడం, ఊ అనడం, చాలు అనడం, అంతే. వలి రోజూ పొద్దుగూకేటప్పటికి వెళ్లి, షట్టరు సగం దించి, చెయ్యి పట్టుకుని టీ అంగడికి తెచ్చేవాడు. తెచ్చి కోతలు కోసేవాడు. శెట్టి గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు కావాలనే కడప పక్కన సముద్రం ఉండాదని కూడా చెప్పి చూశాడు వలి. శెట్టి టీ తాగి, గ్లాసు పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ పూట వలికి అన్నం సయించలేదు. కత్తిరించేవాడు లేని కోత ఉప్పు లేని సంగటి మాదిరి ఉందని భార్య నబీసాతో చెప్పుకుని బాధపడ్డాడు.

అట్లాంటి ఒక సాయంత్రం ఆటో దావూద్ ఒక మాట కదిలించాడు. ఎండాకాలం సెలవులకు పిల్లల్ని బెంగుళూరు అవతల ఉండే ఆటల పార్కుకు తీసుకుపోవాలనుకుంటున్నానని, వలి మామ ఒకసారి పోయొచ్చినాడు కదా, ఆడ ఏం బాగుంటాదో చెప్పమని అడిగాడు.

వలి చూపు శెట్టి మీదికి పోయింది. ఆ పార్కుకు రెండు కుటుంబాలూ కలిసే పోయాయి. వలి కూతురు షమా, శెట్టి కూతురు హిమబిందు పదో తరగతి పాసైన ఎండాకాలం అది. ఇద్దరూ పట్టుబడితే టెంపో మాట్లాడుకుని పోయారు. దేవుళ్ల మొక్కులకు కాకుండా ఊరికే సంతోషానికని రాజ్యలక్ష్మమ్మ గడప దాటింది బతుకంతా ఆ ఒక్కసారే. అందుకే ఆమె పోయినాక ఆ పార్కు కథ జోలికి వలి పోలేదు. ఇప్పుడు కూడా పొయ్యి వెనకనుంచి సుంకప్ప వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చెబితే శెట్టి రేపట్నుంచి ఈ బెంచీ మీదికే రాకపోవచ్చు. చెప్పకపోతే ఇట్లాగే గ్లాసులోకి చూస్తూ కూర్చుంటాడు. వలి కాసేపు మీసం దువ్వుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"పార్కు సంగతి నన్నడుగు దావూదూ. ముందు గేటు కాడనే తకరారు. బయటి కూడు లోపలికి తేకూడదంట. మా ఆడోళ్లు కోడి కూయకముందే లేసి చిత్రాన్నం కలిపి, నిప్పట్లు కాల్చి, చెనక్కాయల పొడి దంచి తెచ్చిరి గదా, ఆ సంచి చూసి కాపలా ఆయప్ప అడ్డం నిలబడె. నేనేమీ అన్లా. ఊరికే డబ్బా మూత తీస్తి. ఆ పొడి వాసనకు ఆయప్ప కండ్లల్లో నీళ్లు తిరిగె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేటు రెండు రెక్కలూ తెరిచి, సంచి తానే మోసుకోని మా ముందర నడిచె."

నిజానికి వాళ్లు గేటు బయట, టెంపో నీడలో కూర్చునే తిన్నారు. రాజ్యలక్ష్మమ్మ విస్తరాకులు పరిచి అందరికీ వడ్డించి, ఎండలో నిలబడ్డ ఆ కాపలా మనిషికి కూడా ఆకులో ఇంత పెట్టి ఇచ్చింది. చెబుతుంటే వలికి ఆ ఆకు పట్టుకున్న చెయ్యి, ఆమె ఎర్రగాజులు కళ్ల ముందుకు వచ్చాయి. గేటు బయటే తింటిమి గదా అని శెట్టి అంటాడేమోనని ఒక గుక్క ఆగాడు. శెట్టి అనలేదు. వలి ఇంకొంచెం పైకెక్కాడు.

"లోపలికి పోతానే చేతికి కాగితం పట్టీ కడతారు. మా నబీసా అది ఊడేదాకా తీయలేదు, నీళ్లు తగలకుండా ఆ చేతికి కవరు కట్టుకోని అంట్లు తోమింది. పిల్లోలు శెట్టి నెత్తిన కుందేలు చెవుల టోపీ పెట్టిరి. పొద్దుగూకేదాకా దాంతోనే తిరిగె మారాజు."

ఈ రెండూ నిజాలే. అందరూ శెట్టి వైపు చూసి నవ్వారు. శెట్టి గ్లాసును వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్నాడు.

"ఆడ తలకిందులుగా తిరిగే రైలు ఉండాది. ఒక్కడూ ముందర సీట్లో కూచునే మొగోడు లేడు. నేను కూచుంటి. సరిగ్గా తలకిందులయ్యే చోట కరెంటు పాయె. అందరం గబ్బిలాల మాదిరి ఏలాడతాండాం. జోబుల్లోని చిల్లర వానమాదిరి రాలతాండాది. ఇంతలో ఎనక సీటాయన బెల్టు పటుక్కున తెగె. నా జోబులో దబ్బనం, పురికొస ఎప్పుడూ ఉంటాయి గదా. ఒక చేత్తో ఆయప్పను పట్టుకోని, ఇంగో చేత్తో పరుపు అంచుకు ఏసే కుట్టు ఏస్తి."

రెండు చేతులూ అట్ల పెడితే దబ్బనానికి పురికొస ఎవరెక్కించారని సుంకప్ప అడిగాడు. పండ్లతో ఎక్కిస్తినని, కింద నిలబడి చూసిన పార్కు యజమాని తక్కిన బెల్టులు కూడా తనతోనే కుట్టించుకున్నాడని, ఇప్పటికీ ఆ రైలు తన కుట్ల మీదనే తిరుగుతుందని వలి చెప్పాడు. దావూద్ బెంచీ మీద చరిచి నవ్వాడు. శెట్టి నవ్వలేదు.

ఎంత పొడుగు చింపినా కత్తెర కదలడం లేదు. ఆపేద్దామనుకున్నాడు వలి గానీ నోరు ఆగలేదు.

"అదంతా ఒక ఎత్తు, పెద్ద చక్రం ఒక ఎత్తు. ఆకాశానికి ఆనుకోని ఉంటాది. రెండు జంటలం, నలుగురం ఒకే తొట్లో కూచుంటిమి. నేను తిప్పే ఆయప్పకు సైగ చేస్తి, ఎంత బిరీన తిప్పుతావో తిప్పు అని. తిప్పె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్కో చుట్టుకు మా వయసు ఒక్కో ఏడు ఎనక్కి పాయె. దేవుని తోడు. మా నబీసా తెల్లెంటికలు నల్లగాయె. నాకు ఊడిన పన్ను మొలిచె."

"మరి ఇప్పుడు మళ్లా తెల్లగా ఉండాయి గదా మామా," అన్నాడు దావూద్.

"దించేటప్పుడు చక్రాన్ని ఎనక్కి తిప్పినాడు గదరా. దిగకుండా ఉండింటే అట్లనే ఉండేవాళ్లం. దిగిపొమ్మనిరి. పెండ్లినాటి మొగాలతో ఉంటిమి నలుగురం, దిగిపొమ్మనిరి."

ఆ ఆఖరి మాట నవ్వించడానికే అన్నాడు వలి. ఎవరూ నవ్వలేదు. శెట్టి గ్లాసు బెంచీ మీద పెట్టాడు. టీ సగం అట్లాగే ఉంది. లేచి నిలబడి, కాలితో చెప్పుల కోసం వెతుక్కున్నాడు. సుంకప్ప మొగం తిప్పుకున్నాడు. తాను తప్పు చేశానని వలికి తెలిసిపోయింది. ముప్పై ఏళ్ల స్నేహం ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని పోతున్నట్టే అనిపించింది.

శెట్టి జేబులోంచి అంగడి తాళాలు తీశాడు. ఆ గుత్తికి చిన్న గాజుగొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. నీళ్లలాంటి నూనెలో ఒక బియ్యపు గింజ, దాని మీద చీమ కాలంత అక్షరాలు. పార్కులో కొన్నదే అది. పిల్లలు ముచ్చటపడి రాయించి ఇచ్చి ఉంటారని వలి అనుకునేవాడు, ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు శెట్టిని ఆపడానికి చేతికి దొరికింది ఆ గింజ ఒక్కటే. దాన్నే పట్టుకున్నాడు.

"ఆ గింజ కథ చెప్తా విను దావూదూ. పార్కులో బియ్యపు గింజ మీద పేరు రాసే ఆయప్ప ఉండె. నేను పోయి ఒక్క గింజ మీదనే నా పేరు, మా నాయన పేరు, మా తాత పేరు, రాయచోటి మండలంలో ఉండే పల్లెలన్నీ రాయిస్తి. ఇంగా జాగా మిగిలె. రాజ్యలక్ష్మమ్మక్క గూడా వచ్చె, మొగుని పేరు రాయించుకుందామని. అయితే ఆ కాలం మనిషి గదా, నోటితో మొగుని పేరు పలకదు. వలన్నా, నువ్వే చెప్పు అనె. నేను అక్కను పక్కన నిలబెట్టి, రొమ్ము ఇరుచుకోని, గట్టిగా శెట్టి పేరు చెప్తి..."

"అబద్ధం."

గొంతు బొంగురుగా ఉంది. ఎవరన్నారో ఒక నిమిషం ఎవరికీ తెలియలేదు. శెట్టి వాళ్లకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. తర్వాత ఇటు తిరిగాడు.

"అబద్ధం వలీ. నువ్వాడ లేవు. నువ్వూ నబీసమ్మా మొక్కజొన్న కండెల కాడికి పోయింటిరి. పిల్లోలు ఊయల పడవ కాడ ఉండిరి. ఆమె ఒక్కతే ఆ బల్ల కాడ నిలబడుకోని ఉండె. నేను ఆమె ఎనకాల ఉంటి. నేనున్నట్టు ఆమెకు తెలీదు."

శెట్టి వచ్చి బెంచీ కొసన కూర్చున్నాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

ఆ తర్వాత అతను చెప్పింది నిదానంగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. రాసే ఆయన ఎవరి పేరు రాయాలమ్మా అని అడిగాడంట. రాజ్యలక్ష్మమ్మ అటూ ఇటూ చూసి, మా బిందు వాళ్ల నాయన పేరు అన్నదంట. సరే, ఆయన పేరేమని మళ్లా అడిగాడంట. బట్టల అంగడి శెట్టి అని రాయమన్నదంట. అంత పొడుగు గింజ మీద పట్టదు, పేరు చెప్పు తల్లీ అన్నాడంట ఆయన. వెనకనుంచి వింటున్న శెట్టికి, ముందుకు పోయి తానే చెప్పేద్దామనిపించింది. కాలు కదల్లేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి తన పేరు ఆమె నోట ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. వినాలనిపించింది.

"అప్పుడు చెప్పె," అన్నాడు శెట్టి. "మెల్లగా, గొంతులోనే చెప్పె. నాకే వినపళ్లా. పక్కన ఆ రైలు చప్పుడు. రాసే ఆయప్ప చెవి కాడ చెయ్యి పెట్టుకోని, గట్టిగా చెప్పమ్మా అనె. ఇంగ ఆమె ఏం చేస్తాది. కండ్లు గట్టిగా మూసుకునె. రామకోటయ్యా అని ఒక్క కేక పెట్టె. చుట్టూ ఉండే జనమంతా తిరిగి చూసిరి."

గాజుగొట్టాన్ని బొటనవేలితో తుడిచాడు.

"పిలిచినట్టుండాది గదా. నేను ఆఁ అని పలికితి."

దావూద్ నవ్వబోయి ఆపుకున్నాడు. కానీ శెట్టి మొగం మీదనే నవ్వు కనబడింది. అది చూసి అందరూ నవ్వారు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎదురుగా మొగుడు, నెత్తిన కుందేలు చెవులు. కొంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. నిలబడలేక అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. అంత మంది జనంలో ఆమె అట్లా కూర్చోవడం శెట్టి ముందు గానీ తర్వాత గానీ చూడలేదు. లేపితే లేవలేదు, చెయ్యి వదల్లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పద్దని, వలన్నకు అసలే చెప్పద్దని, చెబితే ఊరంతా టముకు వేస్తాడని ఒట్టు పెట్టించుకుంది. ఇంటికి వచ్చాక కూడా, అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఉన్నట్టుండి నవ్వేది. ఎందుకని పిల్లలడిగితే పప్పులో ఉప్పెక్కువైందనేది.

"చెప్పలా నేను," అన్నాడు శెట్టి. "ఇంత కాలం ఎవురికీ చెప్పలా. నువ్వు నీ నోటితో చెప్పినానంటివే, అది మాత్రం ఓర్చుకోలేకపోతి వలీ. ఆమే చెప్పె. నోరారా చెప్పె."

రైలును కుట్టిన వలి, వయసును వెనక్కి తిప్పిన వలి, శెట్టి చేతిలోని ఆ గాజుగొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు. అక్క తన గురించి సరిగ్గానే అనుకుందని మాత్రం అనుకున్నాడు. కళ్లు తుడుచుకుని, సుంకప్పా, శెట్టి టీ చల్లారిపోయింది, ఇంకోటి పొయ్యమని చెప్పాడు.

దావూద్ బెంచీ మీద ముందుకు జరిగాడు. ఆయమ్మ అంత మెత్తని మనిషి గదా, నిజంగా అంత గట్టిగా పిలిచిందా శెట్టి మామా అని అడిగాడు.

బతుకంతా గజం బద్దతో కొలిచి మాట్లాడిన శెట్టి, ఎంతని చెప్పాలో లోపల కొలుచుకుంటున్నట్టు ఉండిపోయాడు.

"గట్టిగానే పిలిచె," అన్నాడు ఆఖరికి. "ఈడికి, రాయచోటికి వినపడింటాది."

ఎవరూ నవ్వలేదు. అందరూ వలి వైపు చూశారు. ఇది కోతే. కత్తిరించాల్సినవాడు ఇప్పుడు వలే. అతను తల వంచుకుని నేల వైపు చూస్తున్నాడు.

సుంకప్ప వేడి టీ గ్లాసు తెచ్చి శెట్టి చేతిలో పెట్టాడు.

"అవును శెట్టీ," అన్నాడు. "ఆ పొద్దు నేను ఈ పొయ్యి కాడనే ఉంటి. నాకు వినపడె."