గాలి లేని వారం

జకారియాస్ నోరు తెరిస్తే సముద్రం లేచి కూర్చుంటుందని ఊళ్ళో అంటారు. ఆ మధ్యాహ్నం అతని అక్క బొలెట్టె ఇంట్లో కాఫీకి చేరినవాళ్ళంతా అతను ఎప్పుడు నోరు తెరుస్తాడా అని కూర్చున్నారు. కేకులు అయిపోవచ్చాయి. నమిలి తినే తిమింగలం తోలు ముక్కలు పళ్ళెంలో సగానికి వచ్చాయి. దుకాణం నడిపే యోకుమ్ మూడో కప్పు ఖాళీ చేసి బెల్టు కొంచెం వదులు చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న బొలెట్టె కొడుకు ఈనోక్, తన చేత్తో కట్టుకున్న ఒంటి మనిషి పడవ, సీల్ తోలు కయాక్‌లో, తాముండే పెద్ద దీవిని ఒంటరిగా చుట్టి రావడానికి బయలుదేరుతున్నాడు. దూరం పోయేవాడికి కాఫీ పెట్టి ఊరంతటినీ పిలవడం గ్రీన్‌లాండ్‌లో ఏ ఇంట్లోనైనా ఉన్నదే. కానీ ముప్ఫై ఆరేళ్ళ కిందట ఇదే ప్రయాణానికి ఇదే ఇంట్లోనుంచి ఇద్దరు బయలుదేరారు, ఒకడే తిరిగొచ్చాడు. వచ్చినవాడు జకారియాస్. రానివాడు బొలెట్టె మొగుడు, ఈనోక్.

అవును, అతని పేరూ ఈనోకే. అతను పోయిన నాలుగు నెలలకి కొడుకు పుట్టాడు, ఆ పేరే పెట్టారు. పోయినవాడి పేరు మోసే మనిషి ఇక్కడివాళ్ళ లెక్కలో పోయినవాడే. అందుకే బొలెట్టె కన్నకొడుకుని "మావారు" అంటుంది. జకారియాస్ మేనల్లుణ్ణి ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచి "బావా" అని పిలుస్తాడు. మేనల్లుడు అరవై మూడేళ్ళ మేనమామను "బావమరిదీ" అంటాడు. ఇందులో ఎవరికీ నవ్వు రాదు.

"ఏమండీ, ఇంకొంచెం పొయ్యనా?" అంది బొలెట్టె కొడుకుతో, కాఫీ కూజా పట్టుకుని.

ఈనోక్ కప్పు జరిపాడు. అతని ముందు బల్లమీద దీవి పటం పరిచి ఉంది, చేతిలో పెన్సిలుంది. "కానివ్వు బావమరిదీ, మన ప్రయాణం కథ మొదలుపెట్టు," అన్నాడు.

జకారియాస్ గొంతు సవరించుకున్నాడు. "నేను గొప్పలు చెప్పుకొనే మనిషిని కాను, ఉన్నదున్నట్టు చెబుతాను, అది మీ అందరికీ తెలిసిందే. తెడ్డు పట్టడంలో ఈ తీరం మొత్తానికి నాకన్నా మొనగాడు ఒక్కడే, అది నువ్వు, బావా. మొదటి రోజు ఏముంది, నువ్వు ముందు, నేను వెనక, తూర్పు ఒడ్డు పట్టుకుని అరవై కిలోమీటర్లు పోయాం. అంతే. అందులో పెద్ద గొప్పేం లేదు."

"అరవయ్యా? పోయినేడు నలభై అన్నావు," అన్నాడు యోకుమ్.

"పోయినేడు నాకు నడుం నొప్పిగా ఉంది, కొంచెం తగ్గించి చెప్పాను. మధ్యలో రాకు. రెండోరోజు గాలి లేచింది. గాలంటే నీ దుకాణం తలుపు కొట్టే గాలి కాదు యోకుమ్, నాకు ఎడమ మీసంలో ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడొచ్చి కుడి మీసంలో నాటుకున్నాయి, కావాలంటే చూడు, ఇప్పటికీ కుడివైపే ఒత్తుగా ఉంటుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అల వచ్చింది. పొద్దున్న ఎక్కడం మొదలుపెడితే అల నెత్తిమీదికి చేరేసరికి మధ్యాహ్నమయింది. అక్కడినుంచి చూస్తే అవతల కెనడా కనబడింది. ఒకావిడ బట్టలారేసుకుంటోంది. నువ్వావిడకి చెయ్యి ఊపావు, బావా. మా అక్క వింటోంది కాబట్టి అంతకన్నా చెప్పను."

గది గదంతా నవ్వింది. బొలెట్టె కూడా నవ్వింది. ఈ కెనడా ఆవిడ నిరుడు లేదు, కొత్తగా వచ్చింది.

"అల దిగేటప్పుడు ఇద్దరం బోల్తా పడ్డాం. మామూలువాడైతే వెంటనే తెడ్డేసి పైకి లేస్తాడు. మేం లేవలేదు. ఎందుకు లేవాలి, కింద గాలి లేదు, హాయిగా ఉంది. తలకిందులుగానే పన్నెండు కిలోమీటర్లు పోయాం. నీకు కాఫీ తాగాలనిపించి ఫ్లాస్కు తీశావు. తలకిందులుగా ఉన్నప్పుడు కాఫీ ఎటు పోతుందో తెలియక నేను కప్పు కింద పట్టుకున్నాను, నువ్వు తిట్టావు. ఒక్క చుక్క ఉప్పగా లేదు. పంచదార మాత్రం తక్కువైంది."

"పంచదార నేనే తక్కువ వేశాను," అంది బొలెట్టె. ఆ మాట ఆమె ప్రతి ఏడూ అంటుంది. ప్రతి ఏడూ ఆ ఫ్లాస్కు ఆమె కళ్ళకు కడుతుంది, మూత మీద సొట్టతో సహా. మొగుడి సమాధి లేదు, బట్టముక్క దొరకలేదు. ఆయన ఇంకా కాఫీ తాగుతూ, తిడుతూ, పరాయి ఆడదానికి చెయ్యి ఊపుతూ బతికున్నది ఈ కోతల్లోనే. అందుకే ఆమె ముప్ఫై ఆరేళ్ళుగా కూజా నింపి పెట్టి వింటూ వచ్చింది.

"ఇక నల్ల గోడ," అన్నాడు జకారియాస్.

నవ్వులు తగ్గాయి. పడమటి ఒడ్డున నీళ్ళలోంచి నిలువుగా లేచిన కొండ అది. ఒక పగలంతా తెడ్డేసినా దాని కింద కాలు మోపడానికి జానెడు చోటు దొరకదు. అక్కడ గాలి తిరిగిందంటే పడవ కొండకి తగిలి పగలాల్సిందే.

"ఎవరో చెబితే నేనూ నమ్మేవాణ్ణి కాదు. గోడకి సరిగ్గా మధ్యలో ఒక గుహ ఉంది. బయటికి చూస్తే సందులా ఉంటుంది, లోపల ఈ ఊరు పడుతుంది. మెత్తటి ఇసుక. బారెడు కోరలున్న ముసలి వాల్రస్ ఒకటి పడుకుని ఉంటే నువ్వు కొంచెం జరగమన్నావు, అది జరిగింది. రాత్రంతా దాని గురకకి నాకు నిద్ర లేదు."

అందరూ నవ్వారు. ఈనోక్ నవ్వుతూనే పటం మీదికి వంగాడు. "మధ్యలోనా? ఈ వంపు దాటాకా, ముందా?"

జకారియాస్ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం బొలెట్టె చూసింది. "దాటాక," అన్నాడతను.

ఈనోక్ పెన్సిలుతో అక్కడ చిన్న గుండ్రం చుట్టాడు. "వాల్రస్ సంగతి ఎలా ఉన్నా ఇసుక ఉంటే చాలు. గోడంతా ఒక్క ఊపున దాటలేనమ్మా. మధ్యలో ఆగడానికి చోటుందనే వెళుతున్నాను," అన్నాడు తల్లితో.

బొలెట్టె చేతిలో కూజా బరువెక్కింది. కోతలన్నీ కోతలని కొడుక్కి తెలుసు, కానీ కోతల అడుగున ఒక నిజం ఉందని వాడు నమ్ముతున్నాడు. మామ వెళ్ళాడు, చూశాడు, వచ్చాడు అని నమ్ముతున్నాడు. ఆమె అది ఏనాడో నమ్మడం మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జకారియాస్ అప్పటికే చివరికి వచ్చేశాడు. ఏటా ఇక్కడికొచ్చేసరికి అతని గొంతు కొంచెం తగ్గుతుంది. "మర్నాడు గుహలోంచి బయటికొచ్చామో లేదో, గాలి. ఆ గాలికి నల్ల గోడ వెనక్కి వంగింది. నీ కయాక్ నీళ్ళమీంచి లేచింది బావా, చుక్క నీరు కారకుండా లేచింది. నువ్వు మునగలేదు. ఎవడన్నా మునిగాడంటే నేనొప్పుకోను. కొండ మీదుగా, మబ్బుల్లోకి, తెడ్డేసుకుంటూనే పోయావు. పోతూ పోతూ 'జకారీ, మీ అక్కని కాఫీ పెట్టి ఉంచమను, చుట్టు తిరిగి వస్తాను' అన్నావు."

ఎవరో ముక్కు చీదుకున్నారు. ఈనోక్ గుహ గుండ్రం పక్కన "ఇసుక" అని రాస్తున్నాడు.

"ఏమండీ, ఆ పెన్సిలు కింద పెట్టండి," అంది బొలెట్టె.

ఈనోక్ తలెత్తాడు. ఆమె అతనివైపు చూడలేదు, తమ్ముడి వైపు చూస్తోంది.

"జకారీ, ఆ వారం గాలి లేదురా."

"అక్కా, ఇవతలి వైపు లేదేమో. అవతల..."

"ఇవతల నేను తాడుకి చేపలు వేలాడగట్టి ఎండబెట్టాను. ఒక్క చేప కూడా కదల్లేదు. దోమలకి కిటికీ తియ్యలేకపోయాం. కడుపుతో ఉన్నాను, ఉక్కపోసి చచ్చాను, అందుకే గుర్తుంది. నువ్వు తిరిగొచ్చిన రోజునే గాలి లేచింది." ఆమె కూజా బల్లమీద పెట్టింది. "అవతలి సంగతా? వెతుకులాట ఆపేసిన నెలకి పడమటినుంచి ఒక సీల్ వేటగాడు వచ్చాడు. ఆ వారమంతా నల్ల గోడ కింద నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయన్నాడు. నేనెవరికీ చెప్పలేదు. మొగుడు పోయాడు, తమ్ముణ్ణి కూడా పోగొట్టుకోలేకపోయాను. ఇప్పుడు మా వాడు పోతున్నాడు. గాలి సంగతి నాకొద్దు. ఆ గుహ ఉందా, లేదా?"

జకారియాస్ నవ్వబోయాడు. యోకుమ్ వైపు చూశాడు, యోకుమ్ కప్పులోకి చూసుకుంటున్నాడు. ఈనోక్ వైపు చూశాడు.

"లేదు," అన్నాడు. "నల్ల గోడ నేను చూడలేదు, బావా."

ఆ తర్వాత మాట్లాడింది ఊళ్ళో ఎవరికీ తెలిసిన గొంతు కాదు.

"మనం తూర్పు ఒడ్డు దాటలేదు. నాలుగోరోజు నీళ్ళు కదల్లేదు. పైన ఆకాశం, కింద ఆకాశం. నాకు నీటి బెదురు పట్టింది."

పెద్దవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. అది అలల రోజున పట్టదు. సముద్రం అద్దంలా ఉన్న రోజునే, ఎంత గట్టివాడికైనా పడుతుంది. పడవ నీళ్ళతో నిండుతున్నట్టే ఉంటుంది, చెయ్యి లేవదు, నోరు పెగలదు. పక్కవాడు వచ్చి పడవ ఊపితే వదులుతుంది. పట్టిందని తెలిస్తే మాత్రం ఆ మనిషితో మళ్ళీ ఎవరూ వేటకి వెళ్ళరు. అందుకని పట్టినవాడు చెప్పడు.

"నిన్ను పిలవలేకపోయాను. నువ్వే వెనక్కి తిరిగి చూసి వచ్చావు. నీ పడవ నా పడవకి ఆనించి ఊపావు. తెడ్డుతో నీళ్ళు కొట్టి కొట్టి అలలు చేశావు. 'గాలొచ్చింది చూడరా జకారీ, గాలొచ్చింది' అన్నావు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి ఒడ్డుకి చేర్చావు. రెండురోజులు చూశాం. గాలి రాలేదు. పడవ చూస్తేనే నాకు వాంతయ్యేది. నీ పడవకి కట్టి లాక్కుపోతానంటే ఊరు చూస్తుందని నేనొద్దన్నాను. అప్పుడు మోటారు పడవ తెస్తానని నువ్వొక్కడివీ వెళ్ళావు. 'నీ పడవ రాయి తగిలి చిరిగిందని చెబుతాలే' అన్నావు. నాకోసం మొదటి కోత కోసింది నువ్వే."

"తర్వాత?" అన్నాడు ఈనోక్.

"తెడ్డు చప్పుడు చాలాసేపు వినబడింది. నీళ్ళలో తేలుతున్న మంచుకొండ పక్కనుంచి పోతున్నావు. ఆ కొండ నీ మీదికి తిరగబడింది. గాలేం లేదు, ఊరికే తిరగబడింది. నేను ఒడ్డునుంచి చూశాను. నా పడవ నా కాళ్ళ దగ్గరే ఉంది. అది లేపిన అలలు కూడా వచ్చాయి, బెదురనే సాకు కూడా లేదు. అయినా ఎక్కలేదు. గాలి లేచాక ఎక్కి ఇంటికొచ్చాను. తూర్పున పోయావంటే, 'అప్పుడు నువ్వేం చేస్తున్నావు' అని నన్నడుగుతారు. నల్ల గోడ దగ్గర గాలికి పోయావంటే ఎవరూ అడగరు. అందుకని పడమట అన్నాను."

"పదకొండు రోజులు వెతికారు పడమట," అంది బొలెట్టె. ఆమె గొంతులో కోపం లేదు, ఇంకా అక్కడిదాకా రాలేదు. ఒడ్డున రాయిమీద కూర్చుని ఆ పదకొండు రోజులూ పడమటి వైపే చూసిన సంగతి గుర్తొచ్చి ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది.

ఈనోక్ పటం మీద గుండ్రాన్ని రబ్బరుతో నెమ్మదిగా చెరిపాడు. చెరిపిన పొట్టు ఊదేశాడు. తర్వాత లేచి జకారియాస్ ఎదురుగా కూర్చున్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా అతను ఏ పేరుతో పిలుస్తాడా అని చూశారు.

"బావమరిదీ," అన్నాడు. "బెదురు పట్టినవాణ్ణి ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు. కయాక్ ఎక్కే ఎవడికైనా ముందు నేర్పేది అదే. నేను వదిలి వెళ్ళాను. అందులో నా తప్పూ ఉంది."

జకారియాస్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఎక్కడ?" అన్నాడు ఈనోక్, పటం అతని ఒళ్ళోకి జరిపి. జకారియాస్ వేలు తూర్పు ఒడ్డు వెంట జరిగి ఒకచోట ఆగింది. ఈనోక్ అక్కడ చిన్న శిలువ గీశాడు. "రేపు ఇక్కడిదాకా చాలు. గోడ ఎక్కడికీ పోదు. నువ్వూ రావాలి. యోకుమ్ మోటారు పడవ నడుపుతాడు, నా పక్కనే ఉండండి."

యోకుమ్ తలూపాడు.

బొలెట్టె లేచింది. తమ్ముడి ముందున్న కప్పు తీసి, చల్లారిన కాఫీ పారబోసి, వేడిది పోసి తెచ్చింది. కప్పు అతని చేతికి ఇవ్వలేదు, బల్లమీద పెట్టింది. క్షమించడం ఆమెకి అంత త్వరగా అయ్యే పని కాదు. కానీ ముప్ఫై ఆరేళ్ళలో మొదటిసారి ఆమె మొగుడు నీళ్ళు కొట్టి అలలు చేసిన చోటు, అన్న మాట ఆమెకి తెలిశాయి. అవి ఆమెకి ఇంకా కావాలి.

"మళ్ళీ చెప్పు," అంది. "మొదటినుంచి. గాలి లేకుండా చెప్పు."

జకారియాస్ కళ్ళు తుడుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ లేవలేదు.

"మొదటిరోజు ఇరవై కిలోమీటర్లు పోయాం, అక్కా," అన్నాడు.

యోకుమ్ ఏమీ అనలేదు.