సంపెంగ వాసన ఇడ్లీలు

అన్యాయం జరిగింది మా గంగారత్నానికి, రెండువేల ఇరవై మూడు వినాయక చవితి వెళ్ళిన నాలుగోనాడు. చేసింది పరాయివాళ్ళు కాదు, సొంత కోడలు నాగదుర్గ. అలా మూతి తిప్పకండి. అత్తాకోడళ్ళ గోలే కదా అనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి పొండి, మధ్యలో లేస్తే ఊరుకోను. గంగారత్నం అంటే పామాయిలు గెలలు తూచే కాటా దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఇడ్లీలు అమ్మే మనిషి. గెలల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయా, డ్రైవర్లు ఆకలి మీద ఉంటారా, ఈవిడ ఇడ్లీ చూస్తే దూదిపింజ. ఆ ఇత్తడి ఇడ్లీ పళ్ళేలు వాళ్ళమ్మ ఇచ్చినవి. అడిగితే మొగుణ్ణయినా ఒక పూటకి అరువిస్తుందేమో గానీ ఆ పళ్ళేలు మాత్రం ఇవ్వదనుకో.

ఏమైందంటే, నాగదుర్గ మహిళా సంఘం తరఫున వెళ్ళి మూడు రోజులు వత్తి లేని కొవ్వొత్తుల పని నేర్చుకొచ్చింది. వత్తి లేకపోతే అది కొవ్వొత్తి ఎలా అవుద్దే, పెళ్ళికొడుకు లేని పెళ్ళిలాగా, అని నేనే ఎగతాళి చేశాను, ఒప్పుకుంటున్నాను. "వెలిగించేది కాదు పిన్నీ, కరిగించేది" అంది. మన తోటల్లో పండే పామాయిలులోంచే ఆ మైనం తీస్తారంట. దాన్ని కరిగించి, అత్తరు కలిపి, బిళ్ళలుగా పోసి పెట్టుకోవాలంట. కరెంటు బల్బు మీద పింగాణీ గిన్నె పెట్టి అందులో ఒక బిళ్ళ వేస్తే మెల్లగా కరిగి ఇల్లంతా వాసనేనంట. మంట లేదు, పొగ లేదు. దాని మనసులో ఏముందంటే, అత్త కట్టెల పొయ్యి మీద అన్నేళ్ళు ఊది ఊది ఛాతీ పాడుచేసుకుంది, అగరొత్తి వెలిగిస్తే చాలు దగ్గు. ఆవిడకేమో సంపెంగ అంటే ప్రాణం. పొగ లేకుండా ఆవిడ గదిలో సంపెంగ వాసన రావాలి, చెప్పకుండా చేసి చూపించాలి, అనుకుంది. చెప్పకుండా మేలు చేసేవాళ్ళతో వచ్చేంత ముప్పు పగవాళ్ళతో కూడా రాదు, నా మాట నమ్మండి.

మైనం ఉంది, అత్తరుంది, పోయడానికి అచ్చులు లేవు. అత్త శనగపప్పుకని బజారుకెళ్ళింది. ఇడ్లీ పళ్ళేలు గోడకి వేలాడుతున్నాయి. ఇంకేముంది! గుంటలకి కింద చిల్లులుంటాయి కదా, వాటికి గోధుమపిండి ముద్దతో బిరడాలు పెట్టింది. మైనం నీళ్ళలా మరుగుతుండగానే పోయాలని అక్కడ చెప్పారంట, చల్లారితే బిళ్ళ మీద పువ్వులాంటి నగిషీ విచ్చుకోదంట. అలాగే పోసింది. విచ్చుకుందమ్మా, ఎంత బాగా విచ్చుకుందో! బిళ్ళ మీద ఈకలు ఈకలుగా, సూదిమొనతో ముగ్గేసినట్టు. బిళ్ళలు తీసి దాచింది, పళ్ళేలు కుంకుడు రసంతో మూడుసార్లు తోమింది, గోడకి తగిలించింది. అంతా బాగుంది గానీ చిల్లుల్లోకి దిగిన మైనం ఎవరికి కనపడుద్ది?

మర్నాడు పొద్దున్న ఆవిరికి అది కరిగింది. ఎక్కడికి పోద్ది, ఇడ్లీల్లోకే పోయింది. గంగారత్నానికి ఆ పూట జలుబు, ముక్కు దిబ్బడేసి వాసనే తెలియలేదు. కాటా దగ్గర మొదటి డ్రైవరు మూత తీసీ తియ్యగానే, "ఏంటి పిన్నీ, ఇది ఇడ్లీయా, పెళ్ళికూతురి జడా?" అన్నాడంట. రెండోవాడు చట్నీ ముంచి ఉమ్మేశాడు. కాటా గుమాస్తా చిట్టిబాబు అయితే అందరికీ చూపించి మరీ నవ్వాడు. గంగారత్నం గిన్నెడు ఇడ్లీలు తిరిగి మోసుకొచ్చి గేదె ముందు పెడితే గేదె కూడా మొహం తిప్పుకుందనుకో. పళ్ళేల్లో మైనం పోశానని కోడలు ఒప్పుకున్నా ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పళ్ళేలు అటక మీద పడేసి, ఇరవై రెండేళ్ళ పేరు ఒక్క పూటలో పోయింది, ఇక నేను కాటా దగ్గరికి వెళ్ళను, అని గోడవైపు తిరిగి పడుకుంది. ఒక రోజు కాదు, రెండు కాదు, ఆరు రోజులు. ఇంకో వారం పోతే ఆ చోటు ఇంకొకళ్ళు పట్టేస్తారు, అది అందరికీ తెలుసు.

ఏడోనాడు ఏమైందంటే, నాగదుర్గ పళ్ళేలు దింపింది. సలసల కాగే నీళ్ళలో వేసి, చీపురుపుల్లతో ఒక్కో చిల్లూ పొడిచి పొడిచి శుభ్రం చేసింది. ఇడ్లీలు వేసి, గిన్నె నెత్తిన పెట్టుకుని తనే కాటా దగ్గరికి పోయింది. "తప్పు నాది, మా అత్తది కాదు, తిని చూడండి" అని అందరి ముందూ చెప్పింది. చిట్టిబాబు ఊరుకుంటాడా? "ఇవాళ మల్లెపూల ఇడ్లీయా? అత్త ముక్కుతోపాటు నీ బుర్ర కూడా పోయిందా?" అన్నాడు. ఈలోగా వెనకాల గంగారత్నం! చట్నీలో ఉప్పేసిందో లేదో చూద్దామని వచ్చానని ఇప్పటికీ బొంకుద్ది. "ఒరేయ్, నా కోడల్ని అనాలంటే నేననాలి, నువ్వెవడివిరా? ఇన్నేళ్ళు నా ఇడ్లీలు మేసి పెంచిన పొట్ట అది! కూర్చుని తిను" అంది. కూర్చున్నాడు. తిన్నాడు. ఇంకో రెండు వేయించుకున్నాడు.

ఇంటికొచ్చే దారిలో అత్త అడిగిందంట, ఎందుకు చేశావే ఆ పాడు పని అని. "నీకోసమే అత్తయ్యా, దగ్గు రాకుండా సంపెంగ వాసన చూస్తావని." గంగారత్నం నడక ఆపి, "ముందే చెప్పి చావొచ్చు కదే" అంది. తిట్టింది కాబట్టి ప్రేమే. ఆ సాయంత్రమే గిన్నెల కొట్టుకి తీసుకెళ్ళి, కోడలికి వేరే పళ్ళేలు కొనిపెట్టింది. చిల్లులు లేనివి, అడిగి మరీ కొంది. ఆడపిల్లకిచ్చే సామానుకి కొట్టించినట్టు పేరు కూడా కొట్టించింది. కొట్టేవాడు పేరొక్కటే కదా అంటే, కాదు, నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు అంది. ఆ పళ్ళేలు నేను చూశాను, మీరూ వెళ్ళి చూసుకోండి, అంచు మీద ఇలా ఉంటుంది: నాగదుర్గ మైనం పళ్ళెం, ఇందులో ఇడ్లీ వెయ్యరాదు, 29-9-2023.