వసంత చిన్నతనానికి సాక్షిని నేనే

“తాతా, మదురై డాక్టరమ్మ గదిలో ఏం జరిగింది? అమ్మని అడిగితే ‘తాతనే అడుగు’ అంటుంది. ఇదిగో, ఫోన్‌లో రికార్డు పెట్టినాను. చెప్పండి.”

పెట్టినావా? ఎర్ర చుక్క వెలిగిందా? సరి, ఆ ఫ్యాను కొంచెం తగ్గించు కన్నూ, నా గొంతుకి అడ్డం వస్తాది. నా గొంతు సంగతి నీకేం తెలుసు! సింగానల్లూరు బస్టాండులో నిలబడి ఒక్క కేక వేస్తే సూలూరులో ఎద్దులు తల తిప్పి చూసేవి. నవ్వకు. సరేలే, సూలూరు అంత దూరం కాదు, ఇటుపక్కనే ఉండే ఒండిపుదూరు.

ఎక్కడనుంచి మొదలుపెట్టేది... ఆఁ, అంగడి నుంచి చెప్పాల. నువ్వు పుట్టకముందే మూసేసినాము దాన్ని. ముందర గ్రైండర్ల అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క గోడ. ఈ జిల్లాలో పిండి రుబ్బే గ్రైండరు అమ్మడమంటే నా తర్వాతే ఎవరైనా. ఇంట్లో కరెంటే లేని ఆసామికి గ్రైండరు అమ్మినవాణ్ణి నేను! “కరెంటు ఎట్లాగూ వస్తాది, నువ్వు ముందు తయారుగా ఉండప్పా” అన్నాను. కొన్నాడు! బియ్యం కిలో రెండు రూపాయల కాలంలో! ఆ ఆసామి చెల్లెలినే మా పెద్ద బావమరిదికి ఇచ్చినారు... అది వేరే కథ, వదిలెయ్.

మీ అమ్మని గురించి నేను చెప్పే కథలు నువ్వు వినే ఉంటావు. పెళ్ళిలో, పంక్తిలో, ఎక్కడ నలుగురు కూర్చుంటే అక్కడ చెప్పినాను. నా కూతురు ఎనిమిదో నెలలోనే మాట్లాడింది. నాలుగేళ్ళకే రేడియోలో మాదిరి వార్తలు చదివింది. గోడ అవతల కూర్చొని, ఉత్త శబ్దం విని, ఏ గ్రైండరులో బేరింగు పోయిందో కనిపెట్టేది. మెకానిక్కు విప్పి చూస్తే అదే! ఇంజనీరు పుట్టింది నా ఇంట్లో! అని. చెప్పి చెప్పి, కన్నూ, ఆ కథల్లో జరిగింది ఎంతో, నేను పోసింది ఎంతో నాకే మరుపు వచ్చేసింది.

ఇంక అసలు సంగతికి వస్తా. నువ్వు కళ్ళారా చూస్తావుండావు గదా, మీ అమ్మ ఒక సీమంతానికి పోయి వచ్చిందంటే రెండు రోజులు తలుపు మూసుకొని దుప్పటి కప్పుకొని పడుకుంటాది. మిల్లు ఆఫీసులో నూలు లెక్కలు చూస్తాది, పైసా తప్పదు. కానీ ఎవరన్నా పుట్టినరోజని కేకు తెస్తే పోయి బాత్రూములో నిలబడుతుంది. మీ నాన్న వైపు వాళ్ళు ఏమంటారు? “తిమిరు” అంటారు, పొగరు అని. మా వైపు వాళ్ళు తక్కువా? “ఆ తండ్రికి పుట్టింది, మనల్ని మనుషుల్లాగా చూస్తుందా” అంటారు. చిన్నప్పటినుంచి ఇదే పాట.

ఒకనాడు మధ్యాహ్నం ఫోను పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. అందులో ఎవరో ఒకామె, యాభై ఏళ్ళది, తనకి ఆటిజం ఉందని ఇప్పుడే తెలిసిందనీ, తను ఎట్లెట్లా ఉంటుందో చెప్తావుంది. మీ అమ్మ గోడ వైపు చూస్తా, “నాయనా, ఈమె నన్ను గురించి చెప్తావుంది” అనింది. నేనేమన్నాను? “అది పసిపిల్లల సంగతి, నీకేంటికి? నువ్వు సింహానివి!” అన్నాను. సింహం ఫోను తీసుకొని లోపలికి పోయింది.

అయినా వదల్లేదు. ఇక్కడే ఇద్దరు డాక్టర్లని చూసింది. ఒకాయన, “పెళ్ళయింది, బిడ్డ ఉంది, ఉద్యోగం ఉంది, ఆటిజం ఏంటమ్మా నీకు” అని నిద్రమాత్ర రాసినాడు. ఇంకొకాయన అదీ రాయలేదు, నవ్వినాడు, అంతే. కొన్నాళ్ళకి అప్పురం ఎవరో చెప్పినారు, మదురైలో ఒక డాక్టరమ్మ పెద్దవాళ్ళని కూడా చూస్తాదని. ఆమె ఒకే షరతు పెట్టింది. చిన్నప్పుడు దగ్గరుండి చూసినవాళ్ళు ఒకరు కూడా రావాల. పెద్దయ్యేసరికి మనిషి ఎన్నో నేర్చుకొని పైకి కనబడకుండా కప్పేసుకుంటాది, పసితనంలో ఎట్లా ఉండిందో వినకుండా నేను ఏమీ చెప్పలేను, అనింది.

మీ అవ్వ పోయింది. మా అమ్మ ఎప్పుడో పోయింది. మిగిలింది ఎవరు? నేను! మీసం మెలేసి, ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాను. మీ అమ్మ మొహం మాత్రం పాలిపోయింది. ఏంటికో నాకు అప్పుడు తెలియలా. లోకంలో ఆ బిడ్డకి ఒకే ఒక్క సాక్షి మిగిలినాడు, వాడు నేను!

పోయినాము. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, పాటలు వినబడకుండా చెవులకి ఆ పెద్ద నల్ల డిప్పలు పెట్టుకొని. దిండిగల్లులో బస్సు ఆగితే, “దా, బిరియాని తిందాం, దిండిగల్లు దాకా వచ్చి తినకుండా పోతే ఊరు మనల్ని క్షమించదు” అన్నాను. డిప్పలు తీసింది.

“నాయనా, ఒక్కటి అడుగుతాను. అక్కడ మీరు ఏమీ కలపకూడదు.”

“కలపడానికి నేనేమన్నా పాలవాణ్ణా?”

“ఎనిమిదో నెలలో మాట్లాడినాననీ, బేరింగు కనిపెట్టినాననీ చెప్పకండి. జరిగింది చెప్పండి. ఈ డాక్టరు కూడా లేదంటే నేను ఇంక ఎవరినీ అడగను. అందరూ అనేది నిజమే, నాది పొగరే, అని ఒప్పుకొని ఉండిపోతాను.”

వాడిపట్టి దాటేదాకా నేను నోరు తెరవలా. నేను! బిరియాని కూడా తినలా. నా కన్న కూతురు, నన్ను అబద్ధాలకోరు అంటుందా?

డాక్టరమ్మ చిన్నది. నీకంటే ఒక పదేళ్ళు పెద్దదేమో. అరవమామె. లైటు తక్కువగా పెట్టి, మెత్తగా మాట్లాడింది. “అయ్యా, మీ అమ్మాయి చిన్నప్పుడు ఎట్లా ఉండేది, చెప్పండి” అని అరవంలో అడిగింది.

ఇక్కడ నువ్వు ఒకటి అర్థం చేసుకోవాల. నేను అరవం మాట్లాడింది ఎక్కడ? అంగడిలో. బేరంలో. జీవితమంతా అరవంలో నేను చేసింది సరుకు అమ్మడమే. జ్వరం వచ్చినా, చావు వచ్చినా, ఏడ్చినా, ఇంట్లో తెలుగే. ఆమె అరవంలో అడగ్గానే నా నాలుక అంగడి తలుపులు తెరిచేసింది! లేచి నిలబడినాను. చేతులు ఊపినాను. “నా కూతురా? ఎనిమిదో నెలలో మాట! నాలుగేళ్ళకి వార్తలు!” బేరింగు కూడా చెప్పేసినాను, మెకానిక్కు నోరెళ్ళబెట్టినట్టు నటించి మరీ చూపించినాను. తలుపు సందులోంచి నర్సు తొంగి చూసి నవ్వింది. డాక్టరమ్మా నవ్వింది. కొనే ఆసామి మొహం నాకు తెలియదా? ఆమె కొనేసింది.

“అయితే చిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదన్నమాట,” అనింది. “మాట తొందరగానే వచ్చింది, చురుగ్గా ఉండింది. ఇప్పటి అలసట పనిభారం వల్లనో, దిగులు వల్లనో కావచ్చు. దానికి వేరే...”

చూసినావా అన్నట్టు మీ అమ్మ వైపు తిరిగినాను. ఏడవలేదు. కోప్పడలేదు. బ్యాగు భుజానికి తగిలించుకొని, జిప్పు సరిగా పడిందా అని ఒకసారి చూసుకొని, “సరి. థాంక్స్ డాక్టర్” అని లేచింది. ఆ లేవడం ఎట్లా చెప్పేది నీకు... పంక్తిలో వడ్డన తనదాకా రాకుండానే ఆకు మడిచేసి లేచిన మనిషిని చూసినావా? అట్లా.

ఏమన్నా చెప్పాల, ఇప్పుడే చెప్పాల, మీ అమ్మ తలుపు దాటిందంటే ఇంక ఏ డాక్టరు దగ్గరికీ పోదు. కానీ అరవంలో నోరు తెరిస్తే మళ్ళీ గ్రైండరే వస్తాది!

“కూర్చో వసంతా,” అన్నాను తెలుగులో. “కూర్చో. చెప్తాను.”

తెలుగులోనే చెప్పుకుంటా పోయినాను. డాక్టరమ్మకి ఒక్క ముక్క తెలియదు. “అయ్యా ఏమంటున్నారు? మీరే మార్చి చెప్పండమ్మా” అనింది మీ అమ్మతో. మీ అమ్మ సంగతి నీకు తెలుసు గదా, చెప్పమంటే ఉన్నది ఉన్నట్టే. తన పసితనానికి నేను చెప్పే సాక్ష్యం, తనే మాట మాటా అరవం చేసి ఆమె ముందర పెట్టింది.

“నాలుగున్నర ఏళ్ళ దాకా ఒక్క మాట లేదు,” అన్నాను. మార్చింది.

“మరి ఎనిమిదో నెల అన్నారే?”

“అది మా అన్న కొడుకు,” అన్నాను. అదీ మార్చింది.

“మొదటి మాట మా చెల్లెలి పెళ్ళిలో వచ్చింది. అందరూ భోంచేస్తా ఉంటే, పంక్తి మధ్యలో నిలబడి, ‘చెయ్దిగళ్. వాసిప్పదు వసంత’ అనింది. వార్తలు, చదువుతున్నది వసంత, అని! అచ్చం రేడియో ఆమె గొంతే. జనం చేతులు తట్టినారు. అప్పటినుంచి ఇంట్లో కూడా ఆ రేడియో అరవమే. దాహమేసినా వార్త చదివినట్టే చెప్పేది.”

ఈ మాట నీకు విడిగా చెప్పాల కన్నూ. మనవాళ్ళు ఈ సీమకి వచ్చి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు. తెలుగులో ఒక్క అక్షరం చదవడం నాకు రాదు, మా అమ్మకి, అంటే మీ ముత్తవ్వకి, అసలే రాదు. ఉన్నదంతా నోట్లోనే ఉండాది. అందుకే ఆమెకి అది ప్రాణం. గడప అవతల అరవం, గడప ఇవతల తెలుగు. అట్లాంటి ఇంట్లో మనవరాలు అవ్వ మొహం కూడా చూడకుండా అరవంలో వార్తలు చదివితే ఎట్లా ఉంటాది? రెండు భాషలు కలిసిపోయి బిడ్డ తికమక పడుతుంది, మనం గట్టిగా ఉంటే దారికి వస్తాది, అనింది మా అమ్మ. ఇంట్లో అందరం అదే అనుకున్నాము. తెలుగులో ‘అన్నం పెట్టవ్వా’ అని అడిగితేనే అన్నం, అని కట్టడి పెట్టింది.

డాక్టరమ్మ గదిలో ఈ కట్టడి దాకా వచ్చేసరికి నా నోరు ఆగింది. పోయిన తల్లి పేరు ఒక డాక్టరు ముందర... “ఇది మాత్రం చెప్పద్దమ్మా,” అన్నాను మీ అమ్మతో. మీ అమ్మ అటు తిరిగి, “ఇది మాత్రం చెప్పద్దు అంటున్నారు” అని అదీ మార్చి చెప్పేసింది! డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. ఇంక దాచేదానికి ఏముంది?

చెప్పినాను. బిడ్డ అడగలా. పొద్దున అడగలా, మధ్యాహ్నం అడగలా. ఖాళీ పళ్ళెం ముందర కూర్చొని ముందుకీ వెనక్కీ ఊగుతా ఉండేది. మరుసటి రోజు ఆ మాట పట్టుకుంది. పట్టుకున్నాక, కింద పడితే ‘అన్నం పెట్టవ్వా’. జ్వరమొస్తే ‘అన్నం పెట్టవ్వా’. అంగడిలో గ్రైండరు స్విచ్చి వేస్తే రెండు చెవులూ మూసుకొని, ‘అన్నం పెట్టవ్వా, అన్నం పెట్టవ్వా’.

“గ్రైండరు వేస్తే ఏం చేసేది?” అని పట్టుకుంది డాక్టరమ్మ.

“బియ్యం డ్రమ్ము వెనక దూరి అరిచేది. బేరింగు పోయిన మెషీను అయితే తల గోడకి కొట్టుకునేది. దాన్ని బట్టే మాకు బేరింగు సంగతి తెలిసేది. కనిపెట్టడం కాదు, తట్టుకోలేకపోవడం. వాళ్ళమ్మ కూడా డ్రమ్ము వెనకే కూర్చొని, కొనేవాడు పోయేదాకా బిడ్డ చెవుల మీద తన చేతులు పెట్టి ఉండేది.”

ఈసారి మీ అమ్మ మార్చలా. నా వైపు తిరిగింది. “అవి అమ్మ చేతులా?” అనింది. “చింతపండు వాసన వచ్చే చేతులు. అవి మాత్రం గుర్తున్నాయి నాయనా. ఎవరివో తెలియలా.”

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి కాచుకుంది. మీ అమ్మ ముక్కు తుడుచుకొని, నేను చెప్పింది చెప్పి, తను నన్ను అడిగింది కూడా అరవంలో చెప్పింది. ఏమీ వదలదు గదా!

అప్పురం ఎన్ని అడిగిందో! ఆటలు, నిద్ర, బట్టలు, తిండి. ఒకే పావడా చిరిగేదాకా వేసుకున్నది, అప్పడం విరిగితే పంక్తిలోంచి లేచిపోయింది, అన్నీ చెప్పినాను. చిటికెడు కూడా కలపలా. నాకంటే బాగా నిజం చెప్పినవాడు ఆ మదురై జిల్లాలో పుట్టి ఉండడు, కావాలంటే రాసి పెట్టుకో!

అయినా ఆ రోజు ఏమీ తేల్చలా ఆమె. మళ్ళీ రమ్మనింది, ఇంకా పరీక్షలు, ఇంకా ప్రశ్నలు. ఆ మధ్య రోజుల్లో నాకు ముద్ద దిగలా కన్నూ. మొదట అట్లా చెప్పి, తర్వాత ఇట్లా చెప్పిన ముసలాయన మాట ఎవరు నమ్ముతారు? నా వల్లే లేదనేస్తుందేమో అని. మీ అమ్మ మాత్రం ఆఫీసుకి పోయి వస్తా ఉండింది, నన్ను ఒక్క మాట అనలా. అని ఉంటే బాగుండేది.

చివరికి చెప్పింది. ఆటిజమేనమ్మా, పుట్టినప్పటినుంచీ ఉన్నదే, అనింది. మీ బుర్ర తీరే అది, మీరు కావాలని చేసింది కాదు, పొగరు కాదు, అనింది. మీ అమ్మ గోడకున్న క్యాలెండరు వైపు చూస్తా వినింది.

“ఆ చివరి మాట ఇంకోసారి చెప్తారా?” అనింది.

“పొగరు కాదు,” అనింది డాక్టరమ్మ.

“ఇంకోసారి.”

మళ్ళీ చెప్పింది. ఎంతో ఓపిక ఆ బిడ్డకి, నూరేళ్ళు బతకాల.

ఇంతే కన్నూ, జరిగింది ఇంతే. నీకు నా దీవెన ఏమంటే... నీ దగ్గర ఏదన్నా తేడాగా అనిపిస్తే అడుగు, మీ అమ్మ మాదిరి ఇన్నేళ్ళు మోసుకొని తిరగకు. నిన్ను పసితనం నుంచి చూసినవాళ్ళు నీ పక్కన చాలామంది ఉండాల, వాళ్ళలో ఒక్కరన్నా ఏమీ కలపకుండా చెప్పాల... సరి, ఆ చుక్క ఆపెయ్ ఇంక. కుక్కరు చూడు ముందు, విజిలు కొట్టకముందే దించు. మీ అమ్మ మెట్లెక్కుతావుంది.