నిండు బ్యాటరీతో దిగుడు

షెడ్డు మధ్యలో, వెనక చక్రాలు మాడి నల్లబడ్డ లారీ. దాన్ని తయారుచేసిన తమ్ముడు ఓ పక్క. దాన్ని నడిపి కాలు పోగొట్టుకున్నవాడి పెళ్లాం, అంటే ఈ తమ్ముడి సొంత అక్క, ఇంకో పక్క. ఆమె వచ్చి చాలాసేపే అయింది. కూర్చోమనాలని ఆ మహానుభావుడికి ఇంకా తోచలేదు.

"...అది కాదక్కా, మోటార్లలో ఏ లోపమూ లేదు. నాలుగూ విప్పి చూశా. లోపల తీగ కూడా మాడలేదు. కావాలంటే ఇలా రా, చూపిస్తా."

"నేను చూసి ఏం చేస్తాన్రా? ఒక్క మాట చెప్పి పోదామని వచ్చా. రేపు విచారణలో నువ్వు..."

"తెలుసక్కా. రేపు నేనేం చెప్తానోనని కదూ? అసలు నేనే వద్దామనుకున్నా సాయంత్రం మీ ఇంటికి."

"ఇంటికొస్తే తాళం కనిపిస్తుంది. ఆసుపత్రిలో కదా ఉంటున్నాను."

"అదే, ఆసుపత్రికే. ఈ విప్పడాలతో తీరికెక్కడిది? నువ్వు ముందు మోటార్ల సంగతి విను, తర్వాత నీ మాట చెబుదువుగాని."

"మోటార్ల సంగతి నాకెందుకురా, నేనొచ్చింది..."

"వినక్కా ఒక్క నిమిషం! మామూలు లారీలో వెనక జంట చక్రాలు రెండూ కలిపి బిగించేసి ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. కుదరదు కదా, ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. టైరు అరిగేది అందుకే. నాది అలా కాదు. జంటలో దేని మోటారు దానిది, దేని పరుగు దానిది..."

"నా వంటింటి గట్టు మీద రెండు గిన్నె మూతలు దొర్లించి ఇదంతా చెప్పావు. సొట్టపడ్డ మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదు."

"గుర్తుందా! చూశావా మరి. దిగుడులో అవే మోటార్లు బండిని వెనక్కి పట్టుకుంటాయి. చక్రం తిరుగుతుంటే కరెంటు పుడుతుంది, అది బ్యాటరీలోకి పోతుంది, ఆ లాగుడుకి బండి నెమ్మదిస్తుంది. ఎక్కేటప్పుడు తిన్నదంతా దిగేటప్పుడు కక్కేస్తుందన్నమాట."

"కక్కడానికి బ్యాటరీలో చోటుండాలిగా."

"...ఎవరు చెప్పారు నీకు?"

"మీ బావ. ఆయనకి చెప్పింది నువ్వు. బ్యాటరీ నిండుగా ఉంటే మోటార్లు పట్టవు బావా, కొండ మీద ఛార్జింగ్ సగానికి మించి ఎక్కించకు అని."

"చెప్పానుగా! నువ్వే అంటున్నావు, చెప్పానని. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"అయినా బావ నింపాడు. నింపాడా లేదా?"

"నింపాడు."

"అదే నేను మొత్తుకునేది. పొద్దున్నే కొండ మీద నిండా నింపేసి, రాళ్ల లోడుతో కిందికి దించాడు. మోటార్లు పట్టలేదు. ఇక మిగిలినవి మామూలు బ్రేకులు. అవి ఎంతని ఆపుతాయి? మూడో మలుపుకే మాడిపోయాయి."

"ఎందుకు నింపాడంటావు?"

"ఏముంది, అలవాటు. డీజిల్ డ్రైవర్లు టాంకు నింపందే బండి కదిలించరు. చెయ్యి దానంతటదే పోతుంది. తప్పని కూడా అనను నేను. పాపం, అలవాటు."

"పాపం."

"అలా చూడకక్కా."

"ఎలా చూశాను? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. నీ మద్దెల మంచిదే, కొట్టినవాడిదే తప్పు, అంతేనా?"

"వచ్చావు కాబట్టి అడుగుతున్నా. రేపు బావ ఒక్క మాట చెప్తే చాలు. అలవాటుగా నింపేశాను, చూసుకోలేదు, అని. ఒక్క మాటక్కా. ఇంకేం వద్దు."

"చెప్తే ఏమవుతుంది?"

"లారీ మీద మచ్చ ఉండదు. లేకపోతే ఈ షెడ్డుకి తాళమే. నన్నింక ఏ బండి మీదా చెయ్యి వేయనివ్వరు."

"మీ బావ మీద మచ్చ పడితేనో?"

"ఆయనకేముంది... మహా అయితే లైసెన్సు పోవచ్చు."

"పోవచ్చా, పోతుందా?"

"...పోతుంది. కానీ అక్కా, ఎలాగూ..."

"ఊఁ. ఎలాగూ?"

"ఏం లేదులే."

"నీళ్లు నమలకు. ఎలాగూ ఒంటికాలితో లారీ ఏం తోలతాడు, లైసెన్సు ఉంటే ఎంత ఊడితే ఎంత, అనేగా?"

"నేనలా అనలేదు."

"అనలేదులే. నోట్లో పెట్టుకున్నావు, మింగావు. మత్తు దిగి కళ్లు తెరిచాక మీ బావ మొదట అడిగిందేంటో తెలుసా? 'బ్రేకు చేత్తో నొక్కేలా మన బండిలో పెట్టగలడా వాడు?' అని. మన బండి అన్నాడురా. ఇంకా మన బండే ఆయనకి. పెడతాడులే అన్నాను. మళ్లీ నేనే తోలతా, ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పు, అన్నాడు."

"...పెట్టొచ్చు. చేత్తో నొక్కేది పెట్టొచ్చు. కష్టమేం కాదు."

"లైసెన్సు లేనివాడికి పెట్టి ఏం చేస్తావు? మూలన కూర్చోబెట్టి హారన్ కొట్టిస్తావా?"

"అక్కా, నువ్వు కూడా ఇలా మాట్లాడితే నేనెక్కడికి పోను? ఎన్నేళ్లు కష్టపడ్డానో నీకు తెలుసు. ఈ బండిని చూసి డ్రైవర్లందరూ నవ్వినప్పుడు..."

"మీ బావొక్కడే ఎక్కి కూర్చున్నాడు. పిచ్చివాడని వాళ్లు ఆయన్నీ కలిపి నవ్వారు. ఆ సంగతి కూడా చెప్పు, ఎలాగూ మొదలెట్టావు కాబట్టి."

"చెప్పకేం. బావ లేకపోతే ఈ బండి షెడ్డు గుమ్మం దాటేది కాదు. నేనెప్పుడైనా కాదన్నానా?"

"వచ్చినప్పట్నుంచీ మోటార్లు ఎలా ఉన్నాయో చెప్తున్నావు. తీగ మాడలేదు, బేరింగు చెడలేదు. మనిషి ఎలా ఉన్నాడని అడిగావా?"

"...ఎలా ఉన్నాడు?"

"ఇప్పుడొద్దులే."

"సార్, లోపలికి రావచ్చా?"

"తర్వాత రా మేస్త్రీ. మాట్లాడుతున్నాం, కనపడట్లా?"

"ఒక్క ముక్క సార్. కొండ మీద ఛార్జింగ్ పెట్టెకి లిమిట్ స్విచ్ మళ్లీ బిగించేశాం. రేపు విచారణవాళ్లు వచ్చి చూసేసరికి ఉండాలన్నారు కదా."

"సరే, సరే. వెళ్లు."

"మొన్న మీరు తీయించినప్పుడు మరలు ఎక్కడో పడిపోయాయి సార్. కొత్తవి వేశాం. మెరుస్తున్నాయి, కాస్త మసి పూయమంటారా?"

"వెళ్లమన్నానా!"

"సరే సార్. అమ్మగారూ, డ్రైవర్ అన్నని అడిగానని చెప్పండి. వీలు చూసుకుని నేనూ వస్తాను."

"చెప్తాను మేస్త్రీ. నువ్వొక్కడివైనా అడిగావు."

"...వాడికి ఏ వేళప్పుడు ఏం మాట్లాడాలో తెలీదక్కా."

"లిమిట్ స్విచ్ అంటే ఏంట్రా?"

"అదో చిన్న... పెద్ద సంగతేం కాదు."

"సగం నిండగానే కరెంటు ఆపేసేదా?"

"ఊఁ."

"అది ఉంటే మీ బావ నింపాలన్నా నిండదు. అవునా? అలవాటో, పొరపాటో, చెయ్యి దానంతటదే పోవడమో, ఏదైనా సరే."

"రిపేరుకని తీయించాను. ఏదో అనుకున్నాం, ఇలా అవుతుందని ఎవరు..."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాట్ట. నేనింకా దొంగని అననే లేదు."

"అక్కా, నీకు ఇందులో తెలియనివి చాలా ఉంటాయి. ఊరికే..."

"ప్రమాదానికి ముందురోజు సాయంత్రం నువ్వు ఫోను చేసినప్పుడు మీ బావ చేతులకి గ్రీజు. ఫోనెత్తి లౌడ్ స్పీకర్‌లో పెట్టింది నేను."

"...నువ్వా?"

"నేనే. ఆయన సబ్బు రుద్దుకుంటున్నాడు, నేను ఫోను పట్టుకుని పక్కన నిలబడ్డాను. చెప్పమంటావా నువ్వేమన్నావో?"

"వద్దు."

"'బావా, రేపు పెద్ద కంపెనీవాళ్లు వస్తున్నారు. కొండ కింద నిలబడి చూస్తారు. అంత లోడు మోసుకొచ్చినా బ్యాటరీ నిండుగానే ఉందని తెర మీద కనపడాలి. స్విచ్ తీయించేశాను, నిండా ఎక్కించెయ్' అన్నావు."

"అక్కా, వద్దన్నానా."

"'దిగుడు కదరా, పట్టదేమో' అన్నాడు మీ బావ. అన్నాడా లేదా?"

"అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"అదంతా ఇప్పుడెందుకక్కా..."

"నువ్వేమన్నావురా?"

"ఏం కాదు బావా, చేసినవాణ్ణి నేను, నాకు తెలీదా... అన్నాను."

"ఆయన సబ్బు కడుక్కుంటూ నవ్వాడు. 'వాడు చెప్తే సరే, వాడికంటే ఎవరికి తెలుసు' అన్నాడు నాతో."

"పట్టదని తెలుసక్కా. కానీ ఒక్క దిగుడే కదా అనుకున్నా. మామూలు బ్రేకులు కాస్తాయి అనుకున్నా. నిజంగా అనుకున్నా. ఆ కంపెనీవాళ్లు మళ్లీ మళ్లీ వచ్చే రకం కాదు. ఒక్కసారి ఆ తెర చూస్తే చాలు, ఒక్కసారి..."

"చూశారుగా. బాగా చూశారు."

"అలా అనకు."

"బండి పట్టు తప్పగానే దూకేయొచ్చు ఆయన. తలుపు పక్కనే కదా. కిందికి చూస్తే మీరందరూ వరసగా నిలబడి ఉన్నారట, ముందు నువ్వు. చెయ్యి కూడా ఊపావట. అందుకే బండిని కొండకేసి కొట్టాడు."

"నాకు... అది నాకు తెలీదక్కా."

"అడిగితేగా తెలిసేది."

"నన్నేం చెయ్యమంటావు మరి? పోయిన కాలు తెచ్చివ్వగలనా? నేను రేపు నిజం చెప్తే ఇదంతా పోతుంది. చెప్పకపోతే ఆయన లైసెన్సొక్కటే పోతుంది. లెక్క చూసుకో నువ్వే. అసలే మన ఇంటి గుట్టు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది."

"ఆయనకి ఒక్కటే మిగిలిందిరా. దాని మీద కూడా పడేద్దామనా?"

"అబ్బా, అక్కా!"

"ఏం, గుచ్చుకుందా? మంచిది. నాకు కడుపు మండిపోతోంది. నువ్వు కాబట్టి ఇంకా నిలబడి వింటున్నా, ఇంకొకడైతే ఈ పానా తీసి నెత్తిన వేసేదాన్ని."

"వెయ్యి. వేసినా సరే. కానీ బావతో నువ్వే చెప్పు. నా మొహం పెట్టుకుని నేనెలా అడగను? నువ్వు చెప్తే కాదనడు. అలవాటుగా నింపానని ఒక్క మాట. జన్మంతా చూసుకుంటాను మిమ్మల్ని, నా నెత్తిన పెట్టుకుని చూసుకుంటాను. అడుగక్కా. నాకోసం."

"అడగక్కర్లేదు."

"అలా అనకక్కా, నీ కాళ్లు పట్టుకుంటా..."

"లే. అడగక్కర్లేదని చెప్తున్నా, వినపడట్లేదా? విచారణ చేసే పెద్దాయన ఈ పొద్దున్నే ఆసుపత్రికొచ్చాడు. మీ బావ చెప్పేశాడు."

"ఏం... ఏం చెప్పాడు?"

"'నేనే నింపానండీ, అలవాటు కొద్దీ. మా బావమరిది నింపొద్దని మరీ మరీ చెప్పాడు, నేనే వినలేదు' అన్నాడు."

"ఫోను సంగతి?"

"ఎత్తలేదు. స్విచ్ సంగతీ ఎత్తలేదు. నేను నోరు తెరవబోతే దుప్పటి కింద నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. లేవలేని మనిషికి ఆ పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో. నొప్పి ఇంకా ఉంది."

"...సంతకం పెట్టాడా?"

"పెట్టాడు."

"అయితే... అయితే రేపు నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదన్నమాట."

"లేదు."

"అమ్మయ్య. అదే, అమ్మయ్య అని కాదు... బావ అంత పని... ఏంటక్కా నువ్వు, ఈ మాట వస్తూనే చెప్పొచ్చుగా! ఇంతసేపు ఎందుకిలా చంపావు నన్ను?"

"చెప్పనిచ్చావా?"

"అంతా అయిపోయాక మరి ఎందుకొచ్చినట్టు? నన్ను నాలుగు తిట్టి పోదామనా?"

"నిన్ను ఆపుదామని. 'వాడికి అబద్ధం చేతకాదే, రేపు అందరి ముందూ లేచి తప్పంతా నాదేనని ఒప్పేసుకుంటాడు, బంగారంలాంటి పని నాశనం చేసుకుంటాడు, పరుగెత్తు, కాళ్లు పట్టుకునైనా ఆపు వాణ్ణి' అని మీ బావ పొద్దుట్నుంచీ మెతుకు ముట్టకుండా పోరుపెడితే వచ్చాన్రా."