బాలమ్మ ముంత

మేడిగూడెం బావి ఎరుగుదురు గదా? ఎట్లా ఎరుగుతారు లెండి, అటు ఎవరూ పోరాయె. అడవిలో ఎంతో లోపల, రోడ్డు లేదు, కరెంటు లేదు, ఫోను పలకదు, చుట్టూ ముళ్లకంపా బోదగడ్డీ. ఒకప్పుడు అక్కడ ఊరుండేది. ఆ అడవి పులులకు వదిలేయాలని ఊరినంతా లేపి కిందికి తెచ్చారు. బావి మాత్రం అక్కడే ఉండిపోయింది, బావిలో బాలమ్మ కూడా. ఎప్పుడో నీళ్లు తోడబోయి కాలుజారి పడి చచ్చిపోయిన మనిషి లెండి, పాపం.

మన ఈరమ్మ లేదూ, బయన్న పెండ్లాం, అప్పట్లో ఆమెకు పాలు తాగే బిడ్డ. ఆ బిడ్డను అత్త దగ్గర పడుకోబెట్టి, విస్తరాకులకని నలుగురు ఆడవాళ్లతో కలిసి మోదుగాకు కోయడానికి పోయింది. ఆకు బాగుందని ఈ చెట్టూ ఆ చెట్టూ దాటుకుంటూ పోయి, చూసుకుంటే పక్కన ఒక్కరూ లేరు. కేకలేసింది, ఎవరు పలుకుతారు? నడినెత్తిన పొద్దు, నాలుక పిడచకట్టుకుపోయింది. ఇక్కడే పడిపోతే నా బిడ్డకు పాలెవరిస్తారని ఒకటే ఏడుపు. ఏడుస్తూనే నడిచి నడిచి, పొద్దు కాస్త వాలేవేళకు ఆ బావి దగ్గరే తేలింది.

గట్టు మీద ఒక ముసలామె నీళ్లు తోడుతోంది. దా తల్లీ, దోసిలి పట్టమంది. ఈరమ్మ తాగినకొద్దీ పోసింది. ప్రాణం కుదుటపడ్డాక చూస్తే ఏముంది, అంత ఎండలోనూ ఆమెకు నీడ లేదు! ఈమె బాలమ్మేనని తెలిసి ఈరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు సత్తుముంత నిండా నీళ్లు ముంచి చేతిలో పెట్టి, పాలిచ్చే తల్లివి, దారిలో తాగు, ఈ వాగు పట్టుకుని దిగితే మీ ఊరే, ముంత తర్వాత తెచ్చియ్యమంది. పొద్దుగూకకముందే ఈరమ్మ ఇల్లు చేరింది, బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోయింది.

ఇంక చూడండి గొడవ. దెయ్యం ముంత ఇంట్లో ఉండకూడదు, వాగులో పారెయ్యమని బయన్న ఎగిరాడు. ఈరమ్మ ఒప్పుకుంటుందా?

“నా ప్రాణం నిలబెట్టిన ముంతయ్యా అది. పారేస్తే నేను మనిషినేనా?” అంది.

పోనీ ఇచ్చి వద్దామంటే, ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిరిగిచ్చే అలవాటు మనకుందా? జొన్నసంకటి, దాని మీద ఇంత గోంగూర పెట్టుకుని, భయపడుతూనే పొద్దున్నే వాగు పట్టుకుని ఎక్కింది.

బాలమ్మ ఆ ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఏడ్చిందట. ఊరు లేచిపోయిననాడు దేవుళ్లను మోసుకుపోయారమ్మా, గొడ్లను తోలుకుపోయారు, గుమ్మాలు కూడా ఊడబెరుక్కుపోయారు, వెళ్తున్నామే బాలమ్మా అని నాతో ఒక్కరూ అనలేదు అందట. ఈరమ్మ భయం అక్కడే పోయింది. కొంగుతో ఆమె కళ్లు తుడిచి, నీ పుణ్యాన నా బిడ్డ బతికిందమ్మా అని కాళ్లకు మొక్కింది.

అంతటితో అయిపోతే బాగుండు. బాలమ్మ కూడా మన మనిషే గదా! ముంత శుభ్రంగా కడిగి, దాని నిండా పాలపండ్లు పోసి, ఇంటికి పట్టుకుపొమ్మని మళ్లీ ఈరమ్మ చేతిలోనే పెట్టింది. ఈరమ్మ ఈసారి అరిసెలు పెట్టుకుని పోయింది. ఆమె తేనె పోసి పంపింది. ఇప్పటికీ అదే వరస, ఈరమ్మ మోకాళ్లు అరిగిపోయాయి గానీ ఆ ముంత ఒకచోట కూర్చున్నది లేదు.

అందుకే చెబుతున్నా, అటు పోకండి. దాహమైతే ఇంటికొచ్చి తాగండి. ఆమె ఏమీ చెయ్యదు, బంగారంలాంటి మనిషి. ముంత ఇస్తుంది, అంతే. దాన్ని ఖాళీగా తిరిగిచ్చే మొహం మీకుందేమో, బాలమ్మకు మాత్రం లేదు.